ఏమీ జరగని రోజు: ఈసీఐఎల్ స్థాపకులు డాక్టర్ ఎ.ఎస్. రావు గారి కథ



గత నెల మా ఏడో తరగతి ఇంగ్లీష్ పీరియడ్‌లో పిల్లలకు ఒక స్పీకింగ్ యాక్టివిటీ ఇచ్చాను. అమ్మ గానీ నాన్న గానీ ఏం పని చేస్తారో రెండు నిమిషాలు చెప్పాలి. హైటెక్ సిటీ పక్కనే ఉన్నాం కాబట్టి సగం మంది సాఫ్ట్‌వేర్ అనే మొదలుపెట్టారు. ఒక బాబు మాత్రం, మా నాన్న కార్లలో ఉండే కంప్యూటర్లు ఆగిపోకుండా చూసుకుంటారు అని చెప్పాడు. వెనక బెంచీలో ఎవరో, అంటే ఉత్త టెస్టింగే కదా అని నవ్వారు. బాబు ముఖం చిన్నబోయింది. తర్వాతి వాక్యం చెప్పకుండానే కూర్చున్నాడు.

ఆ శనివారం పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వాళ్ళ నాన్నగారు వచ్చారు. జరిగింది చెబితే ఆయన నవ్వేశారు. తన పని బాగా జరిగిన రోజున అసలు ఏమీ జరగదని, అందుకే ఆ పని ఇంట్లోవాళ్ళకు కూడా కనిపించదని అన్నారు. బ్రేక్ నొక్కితే బండి ఆగుతుంది. ఆగినందుకు ఎవరూ ఫోన్ చేసి థాంక్స్ చెప్పరు. ఆగని రోజు ఒక్కటి వస్తే మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఆయన చేసే పనిని ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ అంటారు. మన ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఉండే సాఫ్ట్‌వేర్ మనకు కనిపిస్తుంది. ఇది కనిపించదు. వాషింగ్ మెషీన్‌లో, లిఫ్ట్‌లో, మెట్రో తలుపుల్లో, ఆసుపత్రిలో సెలైన్ లెక్కగా ఎక్కించే పంపులో, కారు ఎయిర్‌బ్యాగ్‌లో ఒక చిన్న చిప్ కూర్చుని ఉంటుంది. దానిలోని ప్రోగ్రామ్ ఏళ్ళ తరబడి ఒకటే పని చేస్తూ ఉండాలి. ఫోన్ హ్యాంగ్ అయితే ఆఫ్ చేసి ఆన్ చేస్తాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద స్పీడ్‌లో వెళ్తున్న కారుకు అలా కుదరదు.

ఇంటికి వెళ్ళాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ఈ పనికి మన హైదరాబాద్‌లోనే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన పేరు మీద ఒక పెద్ద కాలనీయే ఉంది. బస్సు బోర్డు మీద ఆ పేరు రోజూ చదువుతాం. ఆయన ఎవరో మాత్రం పిల్లలకు తెలియదు. నిజం చెప్పాలంటే బీఈడీ చదివేదాకా నాకూ తెలియదు. ఈ నెల మన పేజీ ఆయన గురించే: ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ ఎ.ఎస్. రావు గారు.

మొగల్లు నుంచి స్టాన్‌ఫర్డ్‌కు

పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914 సెప్టెంబర్ 20న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టారు. భీమవరం దగ్గరి ఊరు అది. అల్లూరి సీతారామరాజుతో అనుబంధం ఉన్న ఊరుగా మన పెద్దలకు తెలిసే ఉంటుంది. కరెంటు బల్బు అంటేనే మన పల్లెలకు వింతగా ఉన్న కాలం. అలాంటి చోట పుట్టిన పిల్లవాడు పెద్దయ్యాక దేశానికి ఎలక్ట్రానిక్స్ నేర్పినవాళ్ళలో ఒకరయ్యారు.

ఆయన బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సైన్స్ చదివి, అక్కడే కొన్నేళ్ళు పాఠాలు చెప్పారు. అంటే మొదట ఆయన కూడా టీచరే. 1946లో టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి వెళ్ళి ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేశారు. స్టాన్‌ఫర్డ్ అంటే ఈ రోజు మన పేరెంట్స్‌లో చాలామందికి సిలికాన్ వ్యాలీ గుర్తొస్తుంది. అప్పటికి ఆ పేరే పుట్టలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఆయన తిరిగి వచ్చి, డాక్టర్ హోమీ భాభా దగ్గర పనిలో చేరారు.

మొదట చేసింది కాస్మిక్ కిరణాల పరిశోధన. అంతరిక్షం నుంచి భూమి మీదికి ఎడతెగకుండా వచ్చిపడే శక్తిమంతమైన కణాలివి. కంటికి కనిపించవు. వాటిని పట్టుకోవాలంటే నమ్మదగిన ఎలక్ట్రానిక్ పరికరాలు కావాలి. పరికరమే తప్పు లెక్కపెడితే, అది కణమా, పరికరంలోని లోపమా అన్నది ఎవరికీ తెలియదు.

ఇక్కడ మా ఫిజిక్స్ సార్ నాకొక సంగతి చెప్పారు. అవే కాస్మిక్ కిరణాలు ఈ రోజు హైటెక్ సిటీలోని ఎంబెడెడ్ ఇంజనీర్లకు తలనొప్పి. అలాంటి కణం ఒకటి మెమరీ చిప్‌కు తగిలితే అందులోని 0 కాస్తా 1గా మారిపోవచ్చు. ప్రోగ్రామ్ రాసినవాళ్ళ తప్పు లేదు, చిప్ చేసినవాళ్ళ తప్పూ లేదు. అయినా లెక్క తప్పుతుంది. అందుకే ముఖ్యమైన యంత్రాల్లో మెమరీకి అదనపు బిట్లు చేర్చి, మారిన అంకెను కనిపెట్టి సరిదిద్దే ఏర్పాటు పెడతారు. తప్పు జరగదని నమ్ముకుని కూర్చోకుండా, జరుగుతుందనే అనుకుని ముందే సిద్ధపడటం అన్నమాట. ఎ.ఎస్. రావు గారి తర్వాతి పని అంతా ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరిగింది.

అప్సరకు కళ్ళూ చేతులూ

1950లలో ముంబై దగ్గర ట్రాంబేలో మన దేశపు మొదటి అణు రియాక్టర్ కట్టాలని భాభా నిర్ణయించారు. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. డిజైన్, నిర్మాణం మనవాళ్ళవే. రియాక్టర్‌ను నడిపించే కంట్రోల్ సిస్టమ్ బాధ్యత రావు గారి ఎలక్ట్రానిక్స్ బృందానికి వచ్చింది. 1956 ఆగస్టు 4న అది పని మొదలుపెట్టింది. ఆసియాలో సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే అదే మొదటి రియాక్టర్. పేరు అప్సర.

కంట్రోల్ సిస్టమ్ అంటే ఏమిటో పిల్లలకు ఇలా చెప్పాను. రియాక్టర్ లోపలికి ఎవరూ తొంగి చూడలేరు. లోపల ఏం జరుగుతోందో చూసే కళ్ళు, అవసరమైతే ఆపే చేతులు, రెండూ ఎలక్ట్రానిక్సే. కళ్ళు అబద్ధం చెప్పినా, చేతులు ఆలస్యం చేసినా ప్రమాదమే.

అలాంటి చోట ఇంజనీర్లు వేసుకునే మొదటి ప్రశ్న, ఈ పరికరం పాడైతే ఏమవుతుంది అని. పాడవకుండా ఎలా చేయాలన్నది దాని తర్వాతే వస్తుంది. చాలా రియాక్టర్లలో చర్యను ఆపే కడ్డీలను విద్యుదయస్కాంతాలతో పైన పట్టి ఉంచుతారు. కరెంటు పోయిందనుకోండి, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, కడ్డీలు తమ బరువుకే కిందికి జారి రియాక్టర్ ఆగిపోతుంది. ఆపడానికి కరెంటు అక్కర్లేదు. ఆపకుండా ఉంచడానికే కరెంటు కావాలి.

ఇందులో అంత కొత్తేముంది అనుకుంటే, మన వంటింట్లోని ప్రెషర్ కుక్కర్‌ను చూడండి. పైన విజిల్ ఉండగా మూతకు సేఫ్టీ వాల్వ్ ఎందుకు? విజిల్ రంధ్రంలో పప్పు అడ్డుపడుతుందని కుక్కర్ చేసినవాళ్ళు ముందే ఊహించారు. అప్పుడు వేడికి సేఫ్టీ వాల్వ్ కరిగి ఆవిరిని వదిలేస్తుంది. వాల్వ్ పోతుంది, వంటింట్లోవాళ్ళు క్షేమంగా ఉంటారు.

రెండో జాగ్రత్త, ఒకరి మాట మీదే ఆధారపడకపోవడం. ముఖ్యమైన కొలతను ఒకే పరికరంతో కాకుండా మూడు వేరువేరు పరికరాలతో కొలుస్తారు. మూడింటిలో రెండు ప్రమాదం అంటే రియాక్టర్ ఆగాలి. ఒక్కటే అంటే, ఆ ఒక్కదానిలో లోపం ఉందేమో చూడాలి. ఒక పరికరం పిచ్చిగా ప్రవర్తించినా ఊరికే ఆగిపోదు, ఒకటి మొద్దుబారినా ఆపాల్సినప్పుడు ఆపకుండా ఉండదు. ఇదే పద్ధతి ఈ రోజు విమానాల్లోనూ ఉంది.

ఊరి బయట ఒక ఫ్యాక్టరీ

1962లో చైనాతో యుద్ధం తర్వాత, రాడార్లకూ రేడియోలకూ పరాయి దేశాల మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో ప్రభుత్వానికి తెలిసొచ్చింది. 1963లో భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. అందులో విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళని పిల్లలకు గర్వంగా చెప్పుకోవచ్చు. దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఎలా పెరగాలో పదేళ్ళకు సరిపడా దారి చూపిన కమిటీ అది.

1966 జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో చనిపోయారు. ఇరవై ఏళ్ళకు దగ్గరగా కలిసి పనిచేసిన పెద్దదిక్కు పోయింది. పని మాత్రం ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే మన ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టే బాధ్యత రావు గారు తీసుకున్నారు. ట్రాంబే ల్యాబ్‌లో పుట్టిన పరికరాలు ఇక ఫ్యాక్టరీలో తయారై రియాక్టర్లకూ, పరిశ్రమలకూ, ఇళ్ళకూ చేరాలి.

ల్యాబ్‌లో ఒక పరికరం పనిచేయించడం వేరు, ఫ్యాక్టరీ నుంచి వెళ్ళే వెయ్యి పరికరాలూ పనిచేయడం వేరు. ల్యాబ్‌లో చేసినవాళ్ళే పక్కన ఉంటారు. ఫ్యాక్టరీ నుంచి వెళ్ళిన పెట్టెను ఎండలో, దుమ్ములో, వోల్టేజ్ ఎక్కువతక్కువల్లో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వాడతారు. ఒక చిన్న రెసిస్టర్ బాగాలేకపోయినా మొత్తం పెట్టె బాగాలేనట్టే. అందుకే ఈసీఐఎల్ విడిభాగాల నుంచి పరికరాల దాకా, కంట్రోల్ సిస్టమ్స్ నుంచి కంప్యూటర్ల దాకా అన్నీ తనే చేయడానికి పూనుకుంది. ఇప్పటి తాతయ్యలకూ అమ్మమ్మలకూ ఈసీ టీవీ గుర్తుండే ఉంటుంది. అదీ అక్కడిదే.

1969లో టీడీసీ-12 వచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు. ట్రాంబేలో డిజైన్ చేసి ఈసీఐఎల్‌లో తయారుచేసిన 12 బిట్ల యంత్రం. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి డిజిటల్ కంప్యూటర్లలో ఇదొకటి. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి.

టీడీసీ-12లో ఒక విశేషం ఉంది. అది రియల్ టైమ్ యంత్రం. సరైన జవాబు ఇస్తే చాలదు, సమయానికి ఇవ్వాలి. యంత్రం వేడెక్కుతోందన్న కబురు అది కాలిపోయాక వస్తే ఎంత సరైన కబురైనా ఎందుకు? ఈ రోజు కారు ఎయిర్‌బ్యాగ్ సెకనులో చిన్న భాగంలో నిర్ణయం తీసుకుంటుంది. ఆ చిప్‌కు టీడీసీ-12 పెద్దతాత వరస అవుతుంది. మన ఏడో తరగతి బాబు వాళ్ళ నాన్నగారి పనికి ఈ నగరంలో ఉన్న వేళ్ళు అక్కడివి.

1974లో పోఖ్రాన్ అణుపరీక్ష తర్వాత కెనడా, అమెరికా మన అణు విద్యుత్ కార్యక్రమానికి సాయం ఆపేశాయి. అప్పటికే రియాక్టర్ల కంట్రోల్ పరికరాలు చేసే సంస్థ ఒకటి హైదరాబాద్‌లో ఉండటం ఎంత అక్కరకు వచ్చిందో ఊహించుకోవచ్చు. ఎవరో అమ్మకం ఆపేస్తే మన పరిస్థితి ఏమిటన్న ప్రశ్న పదేళ్ళ ముందే వేసుకున్నందుకు దొరికిన ఫలితం అది.

రావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 1978లో ఈసీఐఎల్ బాధ్యతల నుంచి విరమించుకున్నారు. 2003 అక్టోబర్ 31న, 89 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి ఈసీఐఎల్‌కు 31 ఏళ్ళు. నగరానికి ఈ చివర మెరిసే అద్దాల భవనాలు లేచే ముందే, ఆ చివర కుషాయిగూడలో ఒక తరం ఇంజనీర్లు తయారయ్యారు.

అందరూ ఒకే జవాబు రాస్తే

ఆ పేరెంట్‌ను నేను ఒక ప్రశ్న అడిగాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా తప్పులు ఎందుకు జరుగుతాయని. ఆయన ఏరియాన్-5 రాకెట్ కథ చెప్పారు.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానా నుంచి ఎగిరిన ఆ యూరప్ రాకెట్, ఇంకా ఒక నిమిషం కూడా కాకముందే పేలిపోయింది. దాని దిశను కొలిచే కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌ను పాత ఏరియాన్-4 నుంచి తీసుకున్నారు. పాత రాకెట్‌లో అది చక్కగా పనిచేసింది. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. దాంతో ఒక అంకె పెరిగిపోయి, కేటాయించిన 16 బిట్ల చోటులో పట్టలేదు. ఆ కంప్యూటర్ పనిచేయడం మానేసింది. దానికి తోడుగా మరో కంప్యూటర్ ఉంది కదా అంటారా? అందులోనూ అదే ప్రోగ్రామ్. అదీ అదే కారణంతో ఆగిపోయింది.

టీచర్‌గా నాకు ఇది విని ఒళ్ళు జలదరించింది. పోయిన పరీక్షలో మార్కులు తెచ్చిన జవాబును, ప్రశ్న మారిందో లేదో చూడకుండా ఈ పరీక్షలోనూ దించేసినట్టుంది. రెండో కంప్యూటర్ సంగతి, పక్క పిల్లవాడి పేపర్ చూసి అదే తప్పు రాసినట్టుంది. మూడు పరికరాలు పెట్టినా మూడూ ఒకదానికొకటి నకళ్ళయితే లాభం లేదు. విడివిడిగా ఆలోచించేవాళ్ళు ముగ్గురు కావాలి.

చింపిన పేజీలు

ఇప్పుడు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఇన్నాళ్ళూ నేను కొట్టివేతలు లేని నోట్‌బుక్‌కే స్టార్ ఇచ్చేదాన్ని. ఈ టర్మ్‌లో ఒక పాప నోట్‌బుక్ మరీ సన్నగా ఉంటే లెక్కపెట్టి చూశాను. మధ్యలో 14 పేజీలు లేవు. తప్పు రాసిన ప్రతిసారీ పేజీ చింపేసి, మళ్ళీ అందంగా రాసుకుని వస్తోంది. ఎందుకమ్మా అని అడిగితే తల దించుకుంది. జవాబు నాకు తెలుసు. ఆ స్టార్ ఇచ్చింది నేనే.

ఆ 14 పేజీలు ఉండి ఉంటే ఆ పాప ఎక్కడ తడబడుతోందో నాకు జూలైలోనే తెలిసేది. పేజీలు పోయాయి, తప్పులు మాత్రం పోలేదు. అవి క్వార్టర్లీ పేపర్‌లో నా ముందుకు వచ్చాయి. నమ్మదగిన యంత్రం చేసేవాళ్ళు ఈ పొరపాటు చేయరు. యంత్రం ఎక్కడ తడబడిందో ప్రతి సంగతీ రాసి దాచుకుంటారు. దాన్ని లాగ్ అంటారు. లాగ్ చెరిపేసే యంత్రాన్ని ఎవరూ నమ్మరు.

ఎంబెడెడ్ చిప్‌లలో వాచ్‌డాగ్ అని ఒక చిన్న టైమర్ ఉంటుంది. కాపలా కుక్క అన్నమాట. ప్రోగ్రామ్ బాగా నడుస్తున్నంతసేపూ మధ్యమధ్యలో దాని వీపు తట్టి, నేను బాగున్నాను అని చెప్పాలి. అలా చెప్పడం ఆగితే, ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కుందని అర్థం చేసుకుని అదే మళ్ళీ మొదలుపెట్టిస్తుంది. మన పిల్లలకు అలా రోజూ కబురు అందుకునే మనిషి ఇంట్లో ఒకరు, స్కూల్లో ఒకరు ఉంటే చాలు. కానీ కబురు చెడ్డదైనా చెప్పగలిగే ధైర్యం వాళ్ళకు ఉండాలి. చెప్పగానే మనం అరిస్తే, మర్నాటి నుంచి అన్నీ బాగున్నాయనే కబురే వస్తుంది.

ఇప్పుడు మా క్లాసులో పేజీ చింపడం లేదు. తప్పును ఒక్క గీతతో కొట్టేసి, కింద సరైనది రాసి, ఎందుకు తప్పయిందో మూడు మాటల్లో రాస్తున్నారు. స్టార్ ఇప్పుడు ఆ మూడు మాటలకు. నోట్‌బుక్‌లు మునుపటంత అందంగా లేవు. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు దయచేసి కోప్పడకండి.

ఇంట్లో చేసి చూడండి

ఈ నెల పిల్లలతో కలిసి మూడు పనులు చేయమని మనవి.

1. ఇంట్లో ఎన్ని వస్తువుల్లో చిప్ ఉందో లెక్కపెట్టండి. ఫోన్, టీవీ, ల్యాప్‌టాప్ లెక్కలోకి రావు. మైక్రోవేవ్, ఇన్వర్టర్, బీపీ మెషీన్ లాంటివి వెతకండి. ఒక్కోదాని గురించి, ఇది మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది అని అడగండి.

2. మీ ఉద్యోగంలో మీరు చేసిన ఒక తప్పునూ, దాన్ని ఎలా దిద్దుకున్నారో పిల్లలకు చెప్పండి. సాధించినవి వాళ్ళు చాలా విన్నారు. ఇది వినలేదు.

3. వీలైతే ఒక ఆదివారం ఈసీఐఎల్ చౌరస్తా వైపు వెళ్ళి రండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి తార్నాకలో దిగితే అక్కడి నుంచి ఆటోలో వెళ్ళొచ్చు. దారిలో ఏ.ఎస్. రావు నగర్ బోర్డు కనిపిస్తే, ఆ పేరు ఎవరిదో ఈసారి పిల్లలే మీకు చెప్తారు.

చివరగా ఒక మాట. మొన్న సోమవారం ఆ బాబు చేత స్పీకింగ్ యాక్టివిటీ మళ్ళీ చేయించాను. ఆగిన చోటు నుంచే మొదలుపెట్టాడు. మా నాన్న పని బాగా చేస్తే ఆ రోజు రోడ్డు మీద ఏమీ జరగదు, అందరూ ఇంటికి వస్తారు అని ఇంగ్లీషులో చెప్పాడు. ఒక చోట గ్రామర్ తప్పింది. తనే ఆగి, దిద్దుకుని, పూర్తి చేశాడు. వెనక బెంచీ నుంచి ఈసారి చప్పట్లు వినిపించాయి.

మళ్ళీ వచ్చే నెల కలుద్దాం.

మీ ఏడో తరగతి ఇంగ్లీష్ టీచర్